కొనువాని యింటి ఆచారము

(తాడేపల్లిగూడెమున ధాన్య, మత్స్య వర్తకుల సమావేశములో మేము చేసిన ఉపన్యాసపాఠము)

వర్తకుల సభకు వకీలును పిలిచి వర్తకమునుగూర్చియే మాటలాడుమనుట మీ సౌజన్యమో, సాహసమో మేము చెప్పజాలము. మా వృత్తిలో మా కంటబడునది వర్తకము చెడిపోయిన తరువాతి కథ మాత్రమే. చెల్లని ప్రామిసరీ నోటు, తిరిగివచ్చిన చెక్కు, కొన్నవాడు త్రోసివేసిన సరకు, వీనిచుట్టును మా జీవితము తిరుగుచుండును. అయినను ఇరువది యేండ్లుగా ఈ కాగితములను చదువగా చదువగా మాకొక సంగతి దృఢపడినది. వర్తక వ్యాజ్యెములలో ననేకములకు మూలము మోసము కాదు. అమ్మినవాడు తానేమి అమ్మితినని తలచెనో, కొన్నవాడు తానేమి కొంటినని తలచెనో, ఆ రెండును వేఱువేఱు వస్తువులగుటయే. బస్తా యొక్కటే, తూకమొక్కటే, పత్రమునందలి మాటయు నొక్కటే. కాని యొకని మనస్సులోని బియ్యము వేఱు, రెండవవాని మనస్సులోని బియ్యము వేఱు.

దేశములు మారినకొలది ఈ భేదము పెరుగును. మన ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతముల సరకు నేడు మద్రాసుతోను, హైదరాబాదుతోను ఆగుటలేదు. హౌరాకు, గౌహతికి, జపానునకు, చీనాకు, వియత్నామునకు పోవుచున్నది. కాబట్టి ఆసియాఖండమునందలి వేర్వేరు జాతుల ఆచారములును, విశ్వాసములును కొనుగోలు నెట్లు నడపుచున్నవో విచారించుట మనకు వినోదవిషయము కాదు, అన్నపు విషయము.

ముందు మన యింటినుండియే ప్రారంభింతము. ధాన్యము కొలుచువాని లెక్క మీలో పెద్దలందఱును వినియుందురు. మొదటి కుంచమును అతడు 'ఒకటి' అనడు, 'లాభము' అనును. ఏడవదానిని 'ఏడు' అనడు, 'ఆఱున్నొకటి' అనును. ఏడన్నచో ఏడ్పు స్ఫురించునని భయము. శుభకార్యమున చదివించునది నూఱు రూపాయలు కాదు, నూటపదహార్లు. దీపములు పెట్టినవేళ సూది యడిగినను, ఉప్పడిగినను దుకాణదారుడు లేదనును. ఉదయమున బోణీకి వచ్చినవానిని వట్టిచేతులతో పంప నిష్టములేక నాలుగు రూపాయలు తగ్గించియైన బేరము కుదుర్చుకొనును. కరెంటు కాటాలు వచ్చినతరువాత ఇవి కొంత సన్నగిల్లినవి గాని చావలేదు. ఇప్పుడు చీనావానిని చూడుడు. అతనికి నాలుగను సంఖ్య గిట్టదు. ఆ సంఖ్య ధ్వని మృత్యువను మాట ధ్వనికి దగ్గఱగా నుండును. జపానువానికిని అంతే. నాలుగేసి వస్తువులు కట్టిన కానుకను పంపుటకు అతడు వెనుదీయును. చీనాలో ఎన్నో మేడలకు నాలుగవ అంతస్తని వ్రాయక దాటవేయుదురు. ఎనిమిది మాత్రము ప్రియమైన సంఖ్య. 'ఆఱున్నొకటి' అనువాడు వారిని జూచి మూఢులని నవ్వుట యెట్లు?

ఈ విషయముపై పాశ్చాత్యులు పెద్ద గ్రంథములు వ్రాసియున్నారు. హాలెండు దేశస్థుడైన హాఫ్‌స్టెడ్ పండితుడు 1980లో ప్రకటించిన గ్రంథమునకు, ఐ.బి.యం. అను అమెరికా కంపెనీ ఉద్యోగులు అనేక దేశములలో వ్రాసియిచ్చిన లక్షకు పైబడిన ప్రశ్నపత్రములు ఆధారము. ఏ జాతి పెద్దలకెంత తలవంచును, ఎక్కడ వ్యక్తి ప్రధానము, ఎక్కడ కుటుంబము ప్రధానము అని ఆయన దేశమునకొక అంకె చొప్పున లెక్కగట్టెను. వాణిజ్య కళాశాలలలో నేటికిని ఈ లెక్కలు బోధింపబడుచున్నవి. ఆ శ్రమను మేము తక్కువ చేయము. కాని భారతదేశమున కంతకును ఒక్క అంకె! హౌరా చేపల బజారులోని బెంగాలీయు, ఆకివీటి చెరువుగట్టున నిలిచిన రైతును ఒకే అంకెలో ఇమిడిరట. 1990 తరువాత సింగపూరు, మలేషియా నాయకులు 'ఆసియా విలువలు' అను మాటను విరివిగా వాడిరి. పెద్దల గౌరవము, కుటుంబభక్తి, పొదుపు, ఇవి ఆసియాయంతట నొక్కటియే యని వారి వాదము. ఆ మాట రాజకీయమునకు పనికివచ్చెనేమో గాని చేపల నమ్మువానికి పనికిరాదు. పెద్దలను గౌరవించు గుణము జపానులోను కలదు, బెంగాలులోను కలదు. అది యొకచోట రొయ్యవంపులో కనబడును, మఱియొకచోట చేపతలలో కనబడును. అమ్మువాడు తెలిసికొనవలసినది ఆ వంపును, ఆ తలను.

ఈ విద్య మన తీరమునకు క్రొత్తది కాదు. కొల్లేటికి దక్షిణమున నున్న మచిలీబందరు 17వ శతాబ్దమున గోలకొండ సుల్తానుల ప్రధాన రేవు. ఆంగ్లేయుల ఓడ 1611లో అచ్చటికి వచ్చెను. డచ్చివారు అంతకు కొలదియేండ్ల పూర్వమే వచ్చిరి. వారికి ముందే పారసీక వర్తకులు అచ్చట ఇండ్లు కట్టుకొనియుండిరి. ఆ రేవునుండి ఓడలు పారసీకపు బందరు అబ్బాసునకు, పెగూకు, తెనాసరిమునకు, సుమత్రాలోని అచ్చేకు పోవుచుండెను. సరకులో ప్రధానమైనది అద్దకపు గుడ్డ. పారసీకునికి కావలసినవి తీగెలు, పూవులు, సరళవృక్షము, మసీదుగోడలోని కమానువంటి కమాను. అందుచేతనే నేటికిని పెడన, మచిలీపట్టణముల అద్దకములో తీగెలు, పూవులు ప్రధానము. కాళహస్తిలో అట్లు కాదు. అచ్చట అద్దకపుగుడ్డ గుడికొఱకు పుట్టినది గనుక రామాయణ భారత కథలు, దేవతామూర్తులు. ఆ తేడా అద్దకపువాని చేతిలో లేదు, కొన్నవాని కొలువులో నున్నది.

సయాము కథ యింతకంటె విచిత్రమైనది. అయుధ్య రాజధానిగానున్న కాలమున ఆ దేశపు రాజసభలో ఎవరే గుడ్డ ధరింపవలెనో హోదానుబట్టి నిర్ణయము. రాజే తన యుద్యోగులకు గుడ్డ ననుగ్రహించును. అందులకై నమూనాలు అచ్చటనే గీయించి మన కోరమాండల్ తీరమునకు పంపుచుండిరి. అట్లు తయారైనదానికి 'ఫా లాయ్ యాంగ్', అనగా నమూనా ప్రకారపు గుడ్డ, అని పేరు. దానిని జూచి వర్తకులు బజారుకొఱకు చేయించిన అనుకరణలకు నమూనాకు బయటివని వేఱుపేరు. జ్వాలలవలె మెలితిరిగిన ఆ అంచులను, వరుసలుదీరి చేతులు జోడించిన ఆ సయాము దేవతలను మన బజారులో నెవరును కొనియుండరు. అయినను మన పనివాడు తాను చూడని రాజు కొలువునకు, తానెఱుగని హోదాలకు తప్పులేకుండ అద్దెను.

జపానువారు మన గుడ్డను 'సరస' అనిరి. డచ్చి ఓడలలో నాగసాకి చేరిన ఆ గుడ్డను వారు విరివిగా కట్టుకొనలేదు. తేనీటి మర్యాదలో వాడు పాత్రలకు సంచులుగాను, చుట్టుగుడ్డలుగాను అపురూపముగా దాచుకొనిరి. జానెడు ముక్కయైనను పారవేయలేదు. హికోనె సంస్థానాధిపతులు కూర్చిన 450 చిన్న ముక్కలు నేడు టోక్యో జాతీయ ప్రదర్శనశాలలో నున్నవి. సులావెసీ ద్వీపమునందలి తొరాజావారు భారతీయుల గుడ్డలను తరతరముల పవిత్రవస్తువులుగా కర్మలయందు వాడుకొనిరి. చీరాలనుండి అరబ్బు దేశములకు పోయిన తేలియా రుమాలును మీలో కొందఱు ఎఱుగుదురు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదలోను నానబెట్టి నేసిన ఆ రుమాలు ఎండలో తలకు చలువయని అరబ్బులు తలగుడ్డగా కట్టిరి. దానికి 'ఆసియా రుమాలు' అనియు పేరు కలదు. గడచిన శతాబ్దపు పూర్వభాగమున దానిపై గడియారములు, విమానములు కూడ నేసిరి.

ఒక్క సంగతిని మీరు గమనింపవలెను. పారసీకునికి తీగె, సయామువానికి జ్వాల, జపానువానికి చిన్నపూవు. ఇట్లు రూపము దేశమునకొక తీరుగా మారెను. మారనిది ఎఱుపు. కృష్ణాతీరపు ఇసుకనేలలలో పెరిగిన చిరువేరు రంగు ఎన్ని ఉదుకులకును వెలియదని పేరు. ఆ రంగునందు వంచన చేసియుండినచో ఇన్ని దేశములలో ఇన్ని తరములు మన గుడ్డ నిలిచియుండెడిది కాదు.

దీనికి వ్యతిరేకమైన కథయు మన ప్రాంతముననే కలదు. ఏలూరు తివాచీ మన యింటి వస్తువు కాదు. మన యింట పరచునది చాప. పారసీకమునుండి వచ్చిన ముసల్మాను నేతగాండ్రు బందరులోను, ఏలూరిలోను స్థిరపడి ఉన్నితో ఈ విద్యను నిలిపిరని పరంపరగా చెప్పుకొనుచున్నారు. తంగెళ్ళమూడిలో ఆ మగ్గముల చప్పుడు మేము బాల్యమునుండి వినుచున్నాము. పుట్టుకనుండియు అది యితరుల యభిరుచికొఱకు నేయబడినదే: మొదట నవాబులకు, తరువాత యూరపువారికి. ఇందులో దోషమేమియు లేదు. కాని బందరు తివాచీలకు పట్టిన గతినిగూర్చి జార్జి బర్డ్‌వుడ్ అను ఆంగ్లేయుడే 1880లో తన గ్రంథమున విచారపడెను. ఇంగ్లండు దిగుమతిదారులు చౌకసామగ్రి నంటగట్టి, సీమదారపు పునాదిమీద నేయించిరనియు, ఒకసారి కట్టుబాటు చెడినతరువాత వరుసగా అన్నియు చెడెననియు ఆయన వ్రాసెను. అచ్చట కొన్నవాడు నమూనా పంపలేదు. తొందరను పంపెను, చౌకదనమును పంపెను. నేతగాడు దానికి లోబడెను. కొనువాని యాచారము నెఱిగి సరకు రూపము మార్చుట యొకటి. అతని తొందరకు లొంగి సరకు సత్యము మార్చుట మఱియొకటి. నేటి మన బియ్యమును, చేపను, రొయ్యను ఈ రెండింటి నడుమ నిలిపి చూడవలసియున్నది.

బియ్యముమాట త్వరగా ముగింతము. దానిని మాకంటె మీరే బాగుగా నెఱుగుదురు. మనకు పాతబియ్యము ప్రియము. క్రొత్తబియ్యము ముద్దయగునని, అజీర్తియని, దానిని కొన్నాళ్ళు మ్రగ్గవేసి ఎక్కువ ధరకు అమ్ముదురు. జపానువాడు దీనికి సరిగా వ్యతిరేకి. ఆ యేటి క్రొత్తపంటకే అతడు మోజుపడును, దానికే పైధర. ముద్దగా అంటుకొనుటయే అతని దృష్టిలో సుగుణము, లేనిచో పుల్లలతో తినుట యెట్లు? మలయాళీలు తినరని మీరు వారికి సన్నబియ్యము పంపుట లేదు. గోదావరి లంకలలోను, డెల్టాలోను పండిన బొండాలను పంపుచున్నారు. ఇది తెలివి. కాని 2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము కాకినాడ రేవునుండి ఫిలిప్పీన్సునకు 12,500 టన్నుల బియ్యము పంపినది. ఆ వంగడము ఎం.టి.యు. 1010. ఎం.టి.యు. అనగా మన మార్టేరు. అచ్చటి పరిశోధనాస్థానమున పుట్టిన కాటన్‌దొర సన్నాలే అది. మన యూరిపేరు నుదుటవ్రాసికొన్న బియ్యము మన రేవునుండియే మన పొరుగువారు పంపగా, మనము రేవున నిలిచి చూచితిమి. వారిని మేము తప్పుపట్టము, అభినందించుచున్నాము.

ఇక చేప. కొల్లేటిచుట్టు కైకలూరు, ఆకివీడు, గణపవరము, భీమవరము ప్రాంతములలో పెరిగిన శీలావతి, బొచ్చె లారీలలో మంచుగడ్డలనడుమ హౌరాకును, అస్సామునకును ప్రతిదినమును పోవుచున్నవి. కొన్నవారు దానినేమి చేయుచున్నారో చూచినవారు మనలో నెందఱు? బెంగాలీయింట పెండ్లియైనచో వరుని యింటినుండి వధువు ఇంటికి పంపు కానుకలలో పెద్ద శీలావతి యొకటి యుండును. దానికి చీరచుట్టి, బొట్టుపెట్టి, పెండ్లికూతురువలె నలంకరింతురు. జ్యేష్ఠమాసమున అల్లుండ్రకు విందుచేయు జమాయిషష్ఠినాడు చేపతలను అల్లునికి గౌరవముగా వడ్డింతురు. మనలో శుభకార్యపు పందిటిలో చేపవాసన రాకూడదను కుటుంబములెన్నో కలవు. వారికి చేపలేనిది శుభమే లేదు. శరన్నవరాత్రుల చిత్రము చూడుడు. అమ్మవారొక్కతయే. ఆ తొమ్మిది దినములు బీహారులో ననేకులు చేపను ముట్టరు. బెంగాలులో చేప తినుట పండుగలో భాగము. ఒకే లారీదారిలో నున్న రెండు రాష్ట్రములలో, ఒకే దేవతపేర, ఒకచోట ధర పడును, ఒకచోట లేచును. శ్రావణమాసమునను బీహారున ఇట్టిదే. దీనిని అంకెలలో కూర్చిన గ్రంథము ఏ కళాశాలలోను మాకు దొరకలేదు.

అస్సాము సంగతి చెప్పిన మీరు నవ్వుదురు. మాఘ బిహు పండుగకు ముందురాత్రిని వారు 'ఉరుకా' అందురు. ఆ రాత్రి కుటుంబములన్నియు కూడి విందుచేసికొందురు. ఆ విందునకు చేప ముఖ్యము. గౌహతి బజారులో సంవత్సరము మొత్తముమీద చేపకు గిరాకి లేచు దినములలో నదియొకటి. ఆ రాత్రి యెప్పుడనగా, ఇంచుమించు మన భోగి. గౌహతివాడు చేపకై ఎదురుచూచు ఆ దినములలో మన వలవాండ్రు, డ్రైవర్లు, ఆసాములు కోడిపందెముల బరులచుట్టు మూగియుందురు. పండుగ మానుకొమ్మని మేము చెప్పుట లేదు. పందెము మానుకొమ్మని చెప్పిన చట్టమునే మన జిల్లాలు వినుట లేదు, మామాట యేమి వినును? కాని ఆ వారము ముందుగానే చేపను పట్టి పంపు ఏర్పాటు చేసికొనలేమా?

బెంగాలులో మన చేపకొక పేరున్నది. 'చాలానీ మాఛ్' అందురు, అనగా పైనుండి వచ్చిన చేప. బజారులో ప్రాణముతో నెగురు స్థానికపు చేపకొక ధర, మంచులో పండుకొని వచ్చిన మన చేపకు దానికంటె తక్కువ ధర. తాజాదనము వారికొక రుచి మాత్రమే కాదు. చేపను కన్నులు చూచి, మొప్పలెత్తి చూచి కొనుట గృహస్థుని గౌరవము. మన కొఱమేనును మనము ప్రాణముతోనే కొనుట లేదా? పులసకై మన గోదావరివాసులు చేయు ఖర్చు ఎవరికి తెలియదు? ఆ పులస జాతియే బెంగాలువారి ఇలిశ్. 2024లో బంగ్లాదేశము ఆ చేపను ఇండియాకు పంపనని, దుర్గాపూజ సమీపింపగా తిరిగి అనుమతించెను. రెండు ప్రభుత్వముల నడుమ మనస్పర్థ లున్నను చేపకు దారి దొరకెను.

మన చేప పేరు ఎక్కడ చెడినదో కూడ చెప్పవలెను. 2018 జూలైలో అస్సాము ప్రభుత్వము ఆంధ్ర చేపలను పది దినములు నిషేధించెను. శవములు చెడకుండ వాడు ఫార్మలిన్ అను మందు చేపలలో నున్నదని అభియోగము. 2019 జనవరిలో పాట్నాలోను అట్టి నిషేధమే జరిగెను. మందు చెరువుగట్టున కలిసెనా, దారిలో కలిసెనా, బజారులో కలిసెనా అను వాదము మా వృత్తివారికి మంచి మేత. కాని చేపను ప్రాణముతో చూచి కొన గోరు గృహిణికి 'శవపు మందు' అను మాట చెవినబడినతరువాత, వాదములో మనము గెలిచినను బజారులో ఓడితిమి. సీమదారముతో నేసిన తివాచీయే యిది.

రొయ్యకు వత్తము. 2023-24లో ఇండియానుండి ఎగుమతియైన సముద్రాహారపు విలువ 60,523 కోట్ల రూపాయలు. అందులో రొయ్యవాటా 40,000 కోట్లకు పైమాట. అమెరికాకు పోయినది దాదాపు 2,97,000 టన్నులు, చీనాకు 1,48,000 టన్నులు. రొయ్యలసాగులో ఆంధ్రదేశమే ప్రథమము. అట్టి స్థితిలో 2025 ఆగస్టున అమెరికా ప్రభుత్వము మన సరకుపై సుంకమును 50 శాతమునకు పెంచెను. ఆ వారములోనే మన చెరువుగట్లమీద ధర కూలెను. పంట పట్టవలెనా, విడువవలెనా తెలియక రైతులు రాత్రులు మేల్కొనిరి. ఒకే గిరాకీదారుని గుమ్మమున నిలిచినవాని కష్టమది. ఆనాటినుండి అందఱును ఆసియా బజారులనే జపించుచున్నారు. జపింపుడు గాని, అచ్చట కొనువాడు రొయ్యను ఎందులకు కొనుచున్నాడో తెలిసికొనుడు.

అమెరికావాడు తల తీసి, పొట్టు తీసి, సంచిలో వేసి యిమ్మనును. అతనికి శ్రమ తగ్గుట ప్రధానము. జపాను భాషలో రొయ్య పేరును 'సముద్రపు ముదుసలి' అను అర్థము వచ్చు అక్షరములతో వ్రాయుదురు. వంగిన వీపు, పొడుగాటి మీసము, తాతగారివలె! నడుము వంగునంతవఱకు బ్రదుకవలెనని కోరుచు నూతన సంవత్సరపు విందులో ఆ వంపును చెడనీయక పెట్టుదురు. అదే జపానువాడు టెంపురాయను వేపుడునకు మాత్రము రొయ్య నిటారుగా నుండవలెననును. పొట్టు తీసి, తోక యుంచి, క్రిందివైపు గాట్లు పెట్టి, వ్రేళ్ళతో సాగదీసి పేర్చిన రొయ్యకు 'నొబాషి' అని పేరు. థాయిలాండు, వియత్నాము, ఇండొనేషియా దేశముల స్త్రీలు ఈ పనిలో ఆరితేరిరి. మన రొయ్యలను వియత్నామువారు కొని, ఇట్టి మెఱుగులు దిద్ది, తమపేర నితర దేశములకు అమ్ముచున్నారు. చెరువు మనది, రోగభయము మనది, అప్పు మనది. వంపునకును, సాగుదలకును వచ్చు పైధర వారిది.

చీనాలో తలతోనున్న రొయ్యకు మర్యాద. తలయు తోకయు నున్నదే సంపూర్ణమని వారి భావము; చేపనైనను నూతన సంవత్సరమున తలతోనే వడ్డింతురు. చేపయను మాటకును మిగులుట యను మాటకును ధ్వని యొక్కటి గనుక కొంత తినక మిగుల్చుదురు. కాంటన్ భాషలో రొయ్య పేరు 'హా', నవ్వు ధ్వని. ఉడికిన రొయ్య ఎఱ్ఱనగును, ఎఱుపు వారికి శుభము. మనకు ఏడు ఏడ్పుగా వినబడినట్లే వారికి రొయ్య నవ్వుగా వినబడుచున్నది. ఆ పండుగ జనవరి చివరనో, ఫిబ్రవరిలోనో వచ్చును. సరకు అంతకు నెలముందే అచ్చటి గిడ్డంగులు చేరవలెనన్న, ఓడప్రయాణమును, శీతలీకరణమును తీసివేయగా, మన పట్టుబడి కార్తికములోపల జరుగవలెను. పిల్ల శ్రావణములోనే చెరువున పడవలెను. మన రైతు పిల్లవేయుట పొరుగువాడు వేసెననియే గాని చీనా పంచాంగము చూచి కాదు.

జపాను విషయమున మఱియొక మాట. 2012లో ఆ ప్రభుత్వము మన రొయ్యలలో ఎథాక్సీక్విన్ అను పదార్థము పదికోట్ల పాళ్ళలో ఒక పాలునకు మించరాదని పట్టుపట్టి పరీక్షలు పెట్టెను. మేత చెడకుండ కలుపు మందు అది. ఇది వ్యాపారపు ఎత్తుగడ యని మనవారు కేకలు వేసిరి. కొంత యుండవచ్చును. కాని చేపను పచ్చిగా తిను జాతికి శుచి యనగా వంటింటి సంగతి కాదు, నీటిలోనే ప్రారంభమగు సంగతి. ముట్టు, మైల, ఎంగిలి అని మనమెంత పట్టింపుగా నుందుమో, వారును తమతీరున నంత పట్టింపు కలవారు. తరువాత ఆ పరిమితి కొంత సడలింపబడెను. అప్పటికే నష్టపోయినవారు నష్టపోయిరి.

నీటిమాట వచ్చినది గనుక కొల్లేటిమాట దాచుట న్యాయము కాదు. ఈ సభలో కొందఱికి రుచింపకపోవచ్చును. 1999లో అయిదవ కాంటూరు వఱకుగల 308 చదరపు కిలోమీటరుల సరస్సు పక్షిరక్షిత ప్రాంతమయ్యెను. 2002లో రామ్‌సారు ఒడంబడిక క్రింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చెను. 2006లో న్యాయస్థానపు ఆజ్ఞచే లోపలి చేపలచెరువుల గట్లు పేల్చివేయబడెను. తరువాత ఎన్ని గట్లు తిరిగి లేచెనో మీకును తెలియును, మాకును తెలియును. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు ఆ గట్లు ఏలూరి ఇండ్లలోనికి నీటిని పంపగలవు. అది యటుంచి వర్తకపు మాటయే చెప్పెదము. నేటి కొనుగోలుదారుడు సరకు ఏ చెరువున పుట్టినదని కాగితమడుగుచున్నాడు. రక్షితప్రాంతములో దొంగగట్టు నడుమ పెరిగిన చేపకు ఆ కాగితమెవరు వ్రాయగలరు? ఆ చేప ఎల్లకాలము పేరులేని 'చాలానీ'గా నుండవలసినదే; దానిప్రక్క సక్రమమైన చెరువులో పెరిగిన చేపకును అదే గతి పట్టును.

మేము కోరునది పెద్దపని కాదు. ఈ పట్టణములోని పఠనమందిరపు గోడపై మన పంచాంగము ప్రక్కన ఇంకొక పంచాంగము వ్రేలాడవలెను. అందులో ఉరుకా, జమాయిషష్ఠి, బెంగాలు పెండ్లి ముహూర్తములు, వారు పెండ్లిచేయని పౌష, చైత్రములు, బీహారు శ్రావణము, చీనా నూతన సంవత్సరము, జపాను జనవరి, ఇవి తేదీలతో నుండవలెను. దీనికి పండితుడక్కరలేదు. హౌరాకు ఏటేట లారీ తోలు డ్రైవరును కూర్చుండబెట్టి అడిగినచో సగము చెప్పును. మిగిలిన సగము అచ్చటి ఆడతిదారులే ఉత్తరములో వ్రాయుదురు. రెండవది, నొబాషి పని. గట్టు పనికి పోవు స్త్రీలకు ఈ పని నేర్పుటకు మన శీతలగృహముల యజమానులు ఇద్దఱు ముగ్గురు చేరినను చాలును. ఏలూరు తివాచీ నేతగాండ్రనుగూర్చి ఇదివఱకు పత్రికలో వ్రాసితిమి, మఱల వ్రాయుదుము. వారికి కావలసినది దయ కాదు, తివాచీమీద కూర్చుండు ఆచారముగల అరబ్బు, తురుష్క, జపాను గృహముల నమూనాలు.

మొదట ఉరుకాతో ప్రారంభింపుడు. అస్సామునకు లారీ ప్రయాణమునకు పట్టు దినములు తీసివేయగా, రాబోవు భోగికి వారము ముందే చెరువులు పట్టవలెను. అందులకు మంచు, డబ్బాలు, వలవాండ్రు, జంట డ్రైవర్లు మార్గశిరములోనే కుదరవలెను. కైకలూరు, ఆకివీడు మిత్రులు తమ లారీల సంఖ్యయు, చేప పరిమాణమును వ్రాసి పంపినచో గౌహతి బజారు ధరలతోపాటు ఈ పత్రికలో వారము వారము ప్రకటించెదము.